శుక్రవారం ఇల్లు దాటని దోమల బ్యాట్లు

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది, ఎన్ని దేశాలు తిరిగారు మేడం అని. తిరిగాను. ఫ్యాక్టరీల్లో వాళ్లిచ్చిన వేడినీళ్లు తాగాను, గోదాముల్లో దుమ్ము పీల్చాను, హోటల్ గదిలో మామిడికాయ తొక్కు కలుపుకుని అన్నం తిన్నాను. అందులో చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సింది భయం గురించి. జీతం దేనికిస్తారో ఎవరైనా నిజంగా అడిగితే, అందరూ నిశ్చింతగా ఉన్నప్పుడు భయపడుతూ ఉండటానికి అని చెబుతాను.

దుకాణంలో మీరు చూసే గొడుగు, ఫ్లాస్కు, బొమ్మ, టార్చిలైటు లాంటివి చాలావరకు బయటి దేశాల నుంచి వస్తాయి. వాటిని ఎంచుకుని, శాంపిల్ చూసి, ఫ్యాక్టరీకి ఆర్డరిచ్చి, ఓడ ఎక్కించి, మన ర్యాకు మీదికి చేరేదాకా కాపలా కాసే మనిషి ఇంపోర్ట్ మర్చండైజర్. రోళ్లు పగిలే ఎండల్లో మేము గొడుగుల గురించి ఆలోచిస్తాం. వానలు పడుతుంటే దీపావళి లైట్ల గురించి నిద్ర పట్టదు. ఉన్న కాలాన్ని ఏనాడూ సుఖంగా అనుభవించలేదు.

నేను పుట్టి పెరిగింది ఎల్లారెడ్డిలో. మా బాపు బస్సు కండక్టరు. ఉద్యోగమంతా హైదరాబాదులో ఒక దుకాణాల కంపెనీలో గడిచింది. రిటైరయ్యాక కామారెడ్డిలో ఇల్లు తీసుకున్నాను. ఇప్పటికీ టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అని వినిపిస్తే చేతిలో ముద్ద ఆగిపోతుంది. నా సరుకు ఏ ఓడలోనూ లేదని నాకు నేనే చెప్పుకోవాలి.

శాంపిల్ అందం

నా మొదటి బాసు రమణమూర్తి గారు. పొట్టిగా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చాయ్ తాగుతూ ఉండే మనిషి. ఏ వస్తువు శాంపిల్ వచ్చినా మేమంతా చుట్టూ మూగి బాగుంది, బాగుంది అనేవాళ్లం. ఆయన మాత్రం దాన్ని తలకిందులు చేసి, వాసన చూసి, గోటితో గీకి, పక్కన పెట్టేవారు. "శాంపిల్ పెళ్లిచూపుల పిల్లలాంటిదమ్మా. ఆ పూటకు అందరూ పట్టుచీరే కడతారు. కాపురం మాత్రం కంటెయినర్‌తో చెయ్యాలి" అనేవారు. పెళ్లిచూపుల్లో పిల్లవాడి సంగతి కూడా అంతే కదా సార్ అని ఒకసారి అన్నాను. నవ్వి, ఆ మాట ఫ్యాక్టరీ వాళ్లు మన గురించి అనుకుంటారు అన్నారు.

మా పనికి ప్రాణం లాంటి పద్ధతి ఒకటి ఆయన నేర్పారు. నచ్చిన శాంపిల్‌ను రెండు తీసుకుని, రెండింటికీ చీటీ కట్టి, సంతకం పెట్టి, సీలు వేస్తాం. ఒకటి ఫ్యాక్టరీలో ఉంటుంది, ఒకటి మా బీరువాలో. వచ్చే సరుకంతా దానిలా ఉండాలి. తేడా వస్తే వాదించడానికి మనకున్న సాక్షి అదొక్కటే. సీలు వేసిన శాంపిల్‌ను ఎవరికీ చూడటానికి కూడా ఇవ్వొద్దు. సేల్స్ వాళ్లు ఫొటోల కోసమని తీసుకెళ్లి పోగొడతారు. ఇది నేను కోపంతోనే చెబుతున్నాను. నాలుగుసార్లు పోగొట్టారు.

నో ప్రాబ్లం

ఫ్యాక్టరీ వైపు నుంచి నాతో ఎక్కువ ఏళ్లు మాట్లాడింది లిన్ అనే అమ్మాయి. చాలా మంచి పిల్ల. మా అమ్మ పోయినప్పుడు రెండు రోజులు వ్యాపారం మాట ఎత్తకుండా మెసేజీలు పెట్టింది. కానీ ఏది అడిగినా "నో ప్రాబ్లం" అనేది. ఒకసారి అంటే పని జరుగుతోందని అర్థం. వరసగా మూడుసార్లు అంటే నాకు బీపీ పెరిగేది.

ఒక ఏడాది రెయిన్‌కోట్లకు అలాగే మూడుసార్లు అంది. వానలకు ముందు రావాల్సిన కంటెయినర్ బతుకమ్మ పూలు కోసే రోజులకు దిగింది. మా ఊళ్లలో అప్పటికి వరి కంకి పట్టింది. మరుసటి ఏడాదికి పనికొస్తాయిలే అని గోదాములో పెడితే, ఎండాకాలం వేడికి కోట్లన్నీ ఒకదానికొకటి అంటుకుని అట్టకట్టాయి. సరుకు ఆలస్యమైతే నష్టం, సిగ్గు, మీటింగులో తిట్లు. అంతకంటే ఏమీ కాదు. ఆ రోజుల్లో అదే లోకంలోకెల్లా పెద్ద ఆపద అనుకునేదాన్ని.

రాజయ్య ఫోను

మా కంపెనీ కామారెడ్డిలో దుకాణం తెరిచినప్పుడు నాకు లోపల లోపల గర్వంగా ఉండేది. నేను ఎంచిన వస్తువు మా వాళ్ల ఇళ్లకు పోతుందని. ఆ దుకాణం మేనేజరు రాజయ్యది బీబీపేట. అవసరం లేకుండా ఫోను చేసే మనిషి కాదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున చేశాడు. "మేడం, గా దోమల బ్యాటు చార్జింగుల పెట్టి పట్టుకుంటే చెయ్యి జుమ్మంటుంది. నాకే అనుకున్న, ఇంకో ఇద్దరితోని పట్టించి చూసిన. వాళ్లకూ గట్లనే అయింది" అన్నాడు.

దోమల బ్యాటు మీకు తెలిసిందే. పిడి అడుగున ప్లగ్గు పిన్నులు ఉంటాయి. గోడ ప్లగ్గులో పెట్టి చార్జింగు చేసి, తీసి, దోమల్ని కొట్టాలి. ప్లగ్గులో ఉన్నంతసేపు జాలికీ పిడి మీది మరలకూ గోడ కరెంటు అందకుండా ఆపే చిన్న భాగం ఒకటి లోపల ఉండాలి. బీరువాలోంచి సీలు శాంపిల్ తీశాను. గోదాము నుంచి కొత్తది ఒకటి తెప్పించాను. రెండూ విప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టి చూశాం. శాంపిల్‌లో ఆ భాగం ఉంది. గోదాము నుంచి వచ్చిన దాంట్లో అది ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

లిన్‌కు ఫోను చేస్తే, కనుక్కుని చెబుతాను, నో ప్రాబ్లం అంది.

అప్పటికి నా బాసు నీరజ్ అనే ఆయన. చెడ్డవాడు కాదు. అడగ్గానే అన్ని దుకాణాల్లో అమ్మకం ఆపించాడు. అమ్ముడైన వాటి సంగతి ఏమిటి అని అడిగితే మాత్రం, ఎన్ని కంప్లైంట్లు వచ్చాయి అన్నాడు. ఒక్కటీ రాలేదన్నాను. మరి ఎందుకింత కంగారు, చాలా ఇళ్లలో వాడుతున్నారు, ప్రమాదమే ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు అరిచేవారు కదా, ఒక్క కంప్లైంట్ రానీ, పేపర్లో ప్రకటన వేద్దాం అన్నాడు. మాట వినడానికి సబబుగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. మొదటి కంప్లైంట్ ఎవరి ప్రాణంతో వస్తుందో అని.

రాజయ్యకు మళ్లీ ఫోను చేసి, ఎవరెవరు కొన్నారో గుర్తుందా అని అడిగాను. విడిగా కొన్నవాళ్లకు తానే కబురు పెడతానన్నాడు. కానీ ఒక పెట్టె నిండా ఒక్క మనిషే కొన్నాడట. ఎల్లారెడ్డిలో ఆకు, తంబాకు ఇచ్చి ఆడవాళ్లతో బీడీలు చుట్టించుకునే టేకేదారు. వానాకాలం దోమలు కుట్టి జ్వరాలొస్తే చుట్టేవాళ్లు తగ్గిపోతారని, ఇంటికొకటి పంచాడట.

ఆ మాట వినగానే మా వాడకట్టు మొత్తం కళ్ల ముందుకొచ్చింది. అక్కడ బీడీలు చుట్టని ఇల్లు దాదాపు మాదొక్కటే. తునికాకును తడిపి, తడి గోనెలో చుట్టి పెట్టుకుని, చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా చుడతారు. ఆ చేతులు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. పైగా అప్పట్లో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని ఏ వస్తువునైనా ప్లగ్గులోంచి తీయరు. వచ్చినప్పుడు అదే ఎక్కుతుందిలే అని వదిలేస్తారు. తడి చేయి, ఎప్పుడూ ప్లగ్గులో ఉండే బ్యాటు. మాకు వస్తువును పరీక్షించి కాగితం ఇచ్చిన వాళ్లకు ఈ ఇల్లు తెలియదు. నాకు తెలుసు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

ఎల్లారెడ్డిలో

రాజయ్య కామారెడ్డి బస్టాండులో కలిశాడు. మార్చి ఇవ్వడానికి వేరే కంపెనీ బ్యాట్లు ఆటోలో వేసుకుని ఎల్లారెడ్డి పోయాం. వాడకట్టులో మొదటి ఇల్లు సాయవ్వది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకున్న మనిషి. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. విషయమంతా విన్నది. బ్యాటు చార్జింగులోనే ఉంది. గబుక్కున స్విచ్చి ఆపి తీసి పక్కన పెట్టాను. కొత్తది చేతికిచ్చి, పాతది తీసుకుపోతానన్నాను.

"గియ్యాల శుక్రారం బిడ్డా. ఇంట్లకెళ్లి వస్తువు బయటికి పోనిస్తమా? రేపు రా, ఇస్త" అంది.

శుక్రవారం ఇంట్లోంచి లక్ష్మి బయటికి పోకూడదని మా అమ్మ కూడా ఎవరికీ ఏమీ ఇచ్చేది కాదు. పక్కింటివాళ్లు చాట అడగడానికి వస్తే కూడా రేపు రమ్మనేది. మీటింగుల్లో, ప్లానుల్లో, ఓడల రాకపోకల్లో అన్ని దేశాల సెలవులూ గుర్తుపెట్టుకున్న నేను, మా ఊరికి మా వారం చూసుకోకుండా వచ్చాను.

బతిమాలాను. కరెంటు షాకు కొడుతుందని చెప్పాను. పది దినాల సంది వాడుతున్నం, ఏం కాలేదంది. ఇంతలో చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. సాయవ్వ ఇవ్వనిది మేమెట్ల ఇస్తాం అన్నారు. టేకేదారే ఇచ్చినవి వెనక్కి గుంజుకోవడానికి మమ్మల్ని పంపాడని ఒకావిడ అనుమానపడింది. కొత్తవి ముందే ఇస్తున్నాం కదా అని రాజయ్య అంటే, శుక్రవారం ఇంట్లోకి వస్తే మంచిదే, అవి పెట్టిపొండి అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అందరూ ఆకు తడుపుకుంటున్నారు. మబ్బు పట్టి ఉంది. పొద్దు వాలితే దోమలొస్తాయి, అన్నీ మళ్లీ ప్లగ్గుల్లోకి పోతాయి.

వస్తువు ఇంట్లోనే ఉండాలి, సరే. పనిచేయకుండా ఉంటే చాలు కదా అని అప్పుడు తట్టింది. పిన్నులు విరగ్గొడతాను, బ్యాటు నీ ఇంట్లోనే ఉంటుంది అన్నాను. సాయవ్వ ముఖం చిట్లించింది. శుక్రవారం పూట నడిచే వస్తువును ఎవరైనా విరగ్గొడతారా అంది. విరగ్గొట్టను అవ్వా, వంచుతాను అన్నాను.

"వంచితే ఏం గాదు. వంచుకో" అంది.

రాజయ్య సైకిల్ దుకాణంలోంచి కటింగ్ ప్లేయరు తెచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి, పిన్నులను ఒకటి ఇటు, ఒకటి అటు పిడికి ఆనేలా వంచాం. ఏ ప్లగ్గులోకీ దూరకుండా. ఏ మొగుడైనా రాయితో కొట్టి మళ్లీ సాపు చేస్తాడేమోనని ప్రతి ఇంట్లోనూ ఒట్టు వేయించుకున్నాను. అయినా నమ్మకం లేదు. ప్లేయరు జారి రెండుసార్లు వేలు నలిగింది.

ఈ పనిలో కొత్తగా చేరేవాళ్లకు ఒక్క మాట. సరుకును వెనక్కి తెప్పించడం గురించి కంపెనీలు చాలా రాసుకుంటాయి. బిల్లు తెమ్మంటాయి, పెట్టె తెమ్మంటాయి. ముందు ఆ వస్తువును ఉన్నచోటే చంపండి. తర్వాత తెచ్చుకోవచ్చు. ఆ రోజు తర్వాత మా కంపెనీలో నేను గట్టిగా పట్టుబట్టి మార్పించిన పద్ధతి ఇదొక్కటే.

నస్రుల్లాబాద్‌లో

ఒక ఇంటికి తాళం ఉంది. సాయవ్వ చిన్న కోడలు లక్ష్మిది. చంటిపిల్లవాణ్ని తీసుకుని నస్రుల్లాబాద్‌లో తల్లి దగ్గరికి పోయిందట. బ్యాటు ఇంట్లోనే ఉంది కదా అని అడిగాను. లేదు, అక్కడ దోమలెక్కువని పట్టుకుపోయింది, పిల్లగాడు పాకుతున్నడు గదా అంది సాయవ్వ. ఫోను చేయించాను. మోగుతోంది, ఎత్తడం లేదు.

బాన్సువాడ దారిలో ఆటో ఎంత తొందరగా పోయినా నాకు నిలబడ్డట్టే ఉంది. ఫోను ఎందుకు ఎత్తడం లేదన్న ఆలోచన తప్ప ఇంకేమీ లేదు. రాజయ్య ఏదో ధైర్యం చెబుతున్నాడు. ఆయన కూడా మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు.

లక్ష్మి ఇంటి ముందర కూర్చుని బీడీలు చుడుతోంది. ఫోను లోపలెక్కడో ఉందట. పిల్లవాడు ఆమె పక్కన చాప మీద ఉన్నాడు. చాప పక్కనే నేల మీద, గోడ నుంచి వైరుతో లాగిన జంక్షన్ బాక్సు, దాంట్లో నిలువునా గుచ్చిన మా బ్యాటు. ఎర్ర లైటు వెలుగుతోంది. పలకరించకుండానే పోయి గోడ స్విచ్చి ఆపాను. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది. అక్కడే కూర్చుని, మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పాను. రాజయ్య పిన్నులు వంచి, కొత్త బ్యాటు పెట్టె ఆమె పక్కన పెట్టాడు.

నీకెప్పుడైనా షాకు కొట్టిందా అని అడిగాను. కొట్టలేదంది. జుమ్మన్నట్టు కూడా అనిపించలేదా అన్నాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"జుమ్మంటది అక్కా. నా చేతులే అనుకున్న. బీడీలు చుట్టంగ చుట్టంగ మాకందరికి గిట్లనే తిమ్మిర్లెక్కుతయి గదా. కరెంటని ఎట్ల తెలుస్తది?"

రాజయ్య, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పొద్దున్నుంచి తిరిగిన అన్ని ఇళ్లలోనూ ఏం కాలేదు, ఏం కాలేదు అని విన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. వాళ్లందరికీ కరెంటు తగిలింది. అందరూ దాన్ని తమ ఒంటి బాధ కిందే జమకట్టుకున్నారు.

ఆమె ఏదో గుర్తొచ్చి పిల్లవాణ్ని ఒళ్లోకి తీసుకుంది. వీడు దాన్ని ముట్టినప్పుడల్లా కెవ్వుమంటుండె, దోమ కుట్టిందనుకుని ఇంకిన్ని దోమలు కొట్టిన అంది. నాకు ఏడుపొచ్చింది. ఆ బ్యాటు మీద కంప్లైంట్ చేసింది ఆ పసివాడొక్కడే.

తర్వాత

శనివారం అన్నీ వచ్చాయి, నస్రుల్లాబాద్‌ది కూడా. సాయవ్వ తన బ్యాటుకు పసుపు బొట్టు పెట్టి మరీ పంపింది, ఎందుకో అడగలేదు. హైదరాబాదు పోయి నీరజ్‌కు జరిగింది చెప్పాను. చేతుల సంగతి విన్నాక ఆయనే పేపరు వాళ్లకు ఫోను చేశాడు. ఆ మధ్యాహ్నమే ప్రకటన ఇప్పించాడు. ఆ భాగం ధర మిగుల్తుందని ఫ్యాక్టరీలో ఎవరో తీసేశారని తేలింది. లిన్ చాలాసార్లు క్షమించమంది. ఆ తర్వాత ఆమె నాతో నో ప్రాబ్లం అనలేదు. తెలియదు అనేది. తెలియదు అన్న ప్రతిసారీ నాకు కొంచెం ధైర్యంగా ఉండేది.

ఏ ప్రమాదమూ జరగలేదు కదా, బాగానే ముగిసింది కదా అని విన్నవాళ్లు అంటారు. నాకు మాత్రం ఆ తర్వాత ఏ రిపోర్టులోనైనా కంప్లైంట్లు లేవు అని కనబడితే, ఎందుకు లేవు అనే అనిపించేది. వస్తువు మంచిదని లేవా, వాడేవాళ్లు ఓర్చుకుంటున్నారా? దుకాణాలకు ఫోన్లు చేసి పీడించేదాన్ని. పిరికిదానివని పేరొచ్చింది. మీకూ రావాలని కోరుకుంటాను.

కొద్ది రోజులకు లక్ష్మి ఫోను చేసింది. నా నంబరు సాయవ్వ దగ్గర తీసుకుందట. పిల్లవాడు బాగున్నాడని చెప్పింది. తర్వాత కొంచెం సంకోచంగా, ఒకటడగాలె అక్కా అంది.

"పాతది మీరు తీస్కపోతిరి. కొత్తది భయమై ఇంక పెట్టెలకెళ్లి తియ్యనే లే. అయినా చేతులు జుమ్మంటనే ఉన్నయి. పాతదాని కరెంటు ఇంక లోపలనే ఉన్నదా అక్కా?"

లేదు లక్ష్మీ, కరెంటు ఒంట్లో నిలవ ఉండదు, అది పోయింది అన్నాను.

"మరి గిదేంది?" అంది.

కామారెడ్డి దవాఖానకు రా, నేనూ వస్తాను, చేతులు చూపిద్దాం అన్నాను. అవతల చాటలో ఆకు కత్తిరించే కత్తెర పెట్టిన చప్పుడైంది. పొద్దటి ఆకు తడిపేసిందట, ఇప్పుడు లేస్తే ఎండిపోతదంది. పని తీరినప్పుడు చెబుతానని ఫోను పెట్టేసింది. సాయవ్వకు ఎన్నిసార్లు ఫోను చేసి అడిగినా, దానికి ఇంకా తీరలేదు బిడ్డా అనే చెప్పింది.